వ్యాఖ్యానంగా వర్చువల్ పొర: మెయిన్‌ఫ్రేమ్ అనుసంధాన భావనపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు దశాబ్దాలుగా మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలో భద్రపరచుకున్న దత్తాంశాన్ని కదిలించకుండానే కొత్త అవసరాలకు అందించే సాధనంగా ‘వర్చువల్ డేటాబేస్ పొర’ ప్రచారంలోకి వచ్చింది. ఈ పొర మూలాన్ని ఉన్నదున్నట్లు చూపే అద్దమన్న భావన స్థిరపడింది. పాత దత్తాంశపు అర్థంలో గణనీయమైన భాగం ఆ దత్తాంశంలో కాక, దానిని చదివే ప్రోగ్రాములో ఉంటుంది. కనుక పొర అద్దం కాజాలదనీ, అది ఒక వ్యాఖ్యానమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కాడ్ (1970), వీడర్‌హోల్డ్ (1992) రచనల వెలుగులో ఈ భావనను పరిశీలించి, వ్యాఖ్యాన, గ్రంథపరిష్కరణ సంప్రదాయాల నుండి దానికి కొలమానాలను సూచిస్తుంది. తెలుగు డిజిటల్ వాఙ్మయానికి ఈ చర్చతో గల సంబంధాన్ని చివర వివరిస్తుంది.

కీలకపదాలు: మెయిన్‌ఫ్రేమ్, కాబోల్, వర్చువల్ డేటాబేస్, దత్తాంశ స్వాతంత్ర్యం, వ్యాఖ్యానం, పరిష్కరణ, నిఘంటు శోధన.

1. ఉపోద్ఘాతం

1964 ఏప్రిల్‌లో ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్/360 కంప్యూటర్ శ్రేణిని ప్రకటించింది. ఒక నమూనాపై రాసిన ప్రోగ్రాము అదే శ్రేణిలోని మరో నమూనాపై కూడా నడవాలన్నది దాని ముఖ్యాశయం. ఈ పొందిక తరువాతి తరాల యంత్రాలలోనూ కొనసాగినందువల్ల, నాలుగైదు దశాబ్దాల కిందట రాసిన కాబోల్ ప్రోగ్రాములు నేటికీ పనిచేస్తున్నాయి. యంత్రాలు మారాయి, వాటిని నడిపే మనుషులు మారారు, ప్రోగ్రాములు మాత్రం మిగిలాయి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు కాబోల్ తెలిసినవారు స్వచ్ఛందంగా ముందుకు రావాలని బహిరంగంగా కోరవలసి వచ్చింది. పాత వ్యవస్థ ఉందిగాని, దానిని చదవగలిగినవారు కరవయ్యారని ఈ సంఘటన తెలియజేస్తుంది.

ఇటువంటి వ్యవస్థలను కొత్త అవసరాలకు అందుబాటులోకి తేవడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, పాతదానిని పూర్తిగా తొలగించి కొత్త వ్యవస్థను నెలకొల్పడం. రెండవది, పాత దత్తాంశాన్ని నియమిత కాలాలలో మరొక చోటికి ప్రతి తీసుకుని అక్కడ వాడుకోవడం. మూడవది, దత్తాంశాన్ని ఉన్నచోటనే ఉంచి, దానిపై ఒక వర్చువల్ పొరను ఏర్పరచి, ఆ పొర ద్వారా ప్రశ్నలు అడగడం.

మొదటి మార్గంలోని ప్రమాదానికి బ్రిటన్‌లోని టి.ఎస్.బి. బ్యాంకు అనుభవం ప్రసిద్ధ ఉదాహరణ. 2018 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు తన ఖాతాలను కొత్త వేదికకు ఒక్కసారిగా తరలించింది. దత్తాంశం తరలిందిగాని కొత్త వేదిక పనితీరులో విఫలమైంది. సుమారు 19 లక్షల మంది ఖాతాదారులు తమ ఖాతాలను చూసుకోలేకపోయారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా విధించాయి. ఇటువంటి అనుభవాల నేపథ్యంలో మూడవ మార్గం క్షేమకరమైనదిగా కనిపించడం సహజం. మూలాన్ని ముట్టుకోనప్పుడు మూలానికి హాని ఉండదన్నది దాని ప్రధాన వాదం. మూలానికి హాని లేకపోవచ్చు. మూలార్థానికి కూడా హాని లేదని చెప్పగలమా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. పొర నిర్మాణం, పనితీరు

ఒక బీమా సంస్థలో పాలసీల వివరాలు వీశామ్ ఫైళ్ళలో, చెల్లింపులు ఐ.ఎం.ఎస్. అనే శ్రేణీబద్ధ డేటాబేసులో, ఏజెంట్ల వివరాలు డి.బి.2 పట్టికలలో ఉన్నాయని ఊహించవచ్చు. ఈ మూడింటి నిర్మాణాలు వేరు, చదివే పద్ధతులు వేరు. వర్చువల్ పొర ఈ మూడింటినీ పట్టికలుగా చూపుతుంది. కొత్త అప్లికేషన్ రాసేవారు ఎస్.క్యు.ఎల్. భాషలో ఒకే ప్రశ్న వేస్తారు. పొర ఆ ప్రశ్నను మూడు భాగాలుగా విడదీసి, ఒక్కొక్క మూలానికి తెలిసిన భాషలోకి మార్చి పంపుతుంది. వచ్చిన సమాధానాలను జోడించి ఒకే పట్టికగా అందిస్తుంది. ఆ పట్టిక ఏ డిస్కులోనూ శాశ్వతంగా ఉండదు. ప్రశ్న అడిగినప్పుడు ఏర్పడి, సమాధానం చెప్పి అంతరిస్తుంది.

‘వర్చువల్’ అనే పదానికి ‘మిథ్య’ అన్న అనువాదం చేస్తే వేదాంత పరిభాషతో పరిచయమున్నవారికి ఒక సౌలభ్యం ఉంది. అద్వైతంలో మిథ్య అంటే అబద్ధం కాదు. తనంతట తాను నిలవలేక, ఒక అధిష్ఠానంపై ఆధారపడి తోచేది. వర్చువల్ పట్టిక ఉనికి సరిగ్గా ఇటువంటిదే. మూల ఫైలు దానికి అధిష్ఠానం.

ఈ రూపాంతరానికి ప్రాణం ‘మ్యాపింగ్’. మూలంలోని ఏ బైట్లు పొరలోని ఏ గడికి చెందుతాయో చెప్పే పట్టిక ఇది. దీనిని తయారుచేయడానికి సాధారణంగా కాపీబుక్‌ను ఆధారంగా తీసుకుంటారు. కాపీబుక్ అంటే ఒక రికార్డులోని అంశాల పేర్లు, పొడవులు, రకాలు వరుసగా నమోదైన కాబోల్ భాగం. నేటి పరికరాలు కాపీబుక్‌ను చదివి మ్యాపింగ్‌ను చాలావరకు తమంత తామే రూపొందిస్తాయి. సమస్య ఇక్కడినుండే మొదలవుతుంది. కాపీబుక్ రికార్డు రూపాన్ని చెబుతుంది. అర్థాన్ని చెప్పడం దాని పని కాదు.

3. కాడ్ ప్రతిపాదన: దాచవలసినది ఏది?

వర్చువల్ పొర వెనుకనున్న సిద్ధాంతానికి మూలం ఇ.ఎఫ్. కాడ్ 1970లో ప్రకటించిన రిలేషనల్ నమూనా వ్యాసం. పెద్ద దత్తాంశ నిధులను వాడేవారికి యంత్రంలో వాటి అమరిక తెలియవలసిన అవసరం ఉండరాదన్నది ఆ వ్యాసం ప్రారంభంలోనే కనిపించే ఆశయం. దీనినే దత్తాంశ స్వాతంత్ర్యం అంటారు. 1975లో అమెరికా ప్రమాణాల సంస్థకు చెందిన అధ్యయన బృందం ఈ ఆశయాన్ని మూడు అంచెలుగా వివరించింది: యంత్రంలోని అమరిక ఒక అంచె, సంస్థ మొత్తానికి చెందిన భావనాత్మక రూపం రెండవ అంచె, ఒక్కొక్క వాడుకరికి కనిపించే దృశ్యం మూడవ అంచె.

కాడ్ ప్రతిపాదన కాలానుగుణమైనది, విముక్తిదాయకమైనది. ఆనాటి ప్రోగ్రామర్లు దత్తాంశాన్ని చేరుకోవడానికి అది ఏ క్రమంలో అమరి ఉందో, ఏ సూచికల వెంట నడవాలో తెలుసుకోవలసి వచ్చేది. ఆ భారాన్ని కాడ్ తొలగించారు. అయితే ఆయన దాచదలచుకున్నది అమరికను, అర్థాన్ని కాదు. రిలేషనల్ డేటాబేసులో మొదటినుండీ నిర్మించిన దత్తాంశానికి అర్థం పట్టికల పేర్లలో, గడుల నిర్వచనాలలో, నియమాలలో చాలావరకు బహిరంగంగా ఉంటుంది. కాబట్టి అక్కడ అమరికను దాచినా అర్థం దాగదు. కాడ్‌కు ముందు రూపొందిన వ్యవస్థలలో అమరిక, అర్థం విడదీయరానంతగా పెనవేసుకుని ఉన్నాయి. అక్కడ అమరికను దాచడమంటే, తెలియకుండానే అర్థంలో కొంత భాగాన్ని దాచడం. కాడ్ సూత్రాన్ని కాడ్ పూర్వపు దత్తాంశానికి యథాతథంగా అన్వయించడమే వర్చువల్ పొర సిద్ధాంతంలోని మౌలిక లోపం.

4. దత్తాంశంలో లేని అర్థం

పై వాదనను నాలుగు ఉదాహరణలతో పరీక్షించవచ్చు.

4.1 దశాంశ బిందువు: మెయిన్‌ఫ్రేములలో సొమ్ము వివరాలను తరచుగా ‘ప్యాక్డ్ డెసిమల్’ పద్ధతిలో నిల్వ చేస్తారు. ఒక్కొక్క బైటులో రెండేసి అంకెలు ఇముడుతాయి. చివరి అర బైటులో గుర్తు ఉంటుంది: ‘సి’ ఉంటే ధనాత్మకం, ‘డి’ ఉంటే ఋణాత్మకం. ‘12 34 5సి’ అనే మూడు బైట్లు 12345 అనే ధనసంఖ్యను సూచిస్తాయి. అది 12,345 రూపాయలా, 123 రూపాయల 45 పైసలా అన్నది ఆ బైట్లలో ఎక్కడా లేదు. దశాంశ బిందువు స్థానం కాపీబుక్‌లోని ఒక అక్షరంలో మాత్రమే ఉంటుంది. ఇక్కడ కాపీబుక్ ఉంటే పొర సరిగా చదవగలదు. కాపీబుక్ పాతదై, ప్రోగ్రాము కొత్తదైతే సమాధానం నూరు రెట్లు తప్పుతుంది. ఆ తప్పు సంఖ్య కూడా చూడడానికి సక్రమమైన సంఖ్యలాగే ఉంటుంది.

4.2 ఒకే చోట రెండు పాఠాలు: కాబోల్‌లో ‘రీడిఫైన్స్’ అనే సౌకర్యం ఉంది. ఒకే బైట్ల సముదాయాన్ని రెండు మూడు విధాలుగా చదవడానికి ఇది అనుమతిస్తుంది. జీవిత బీమా పాలసీ అయితే ఆ ముప్పై బైట్లలో నామినీ పేరు, వాహన బీమా అయితే అదే చోట వాహన రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండవచ్చు. ఏ రికార్డును ఏ విధంగా చదవాలో కాపీబుక్ చెప్పదు. ప్రోగ్రాము మధ్యలో ఎక్కడో ఉన్న ఒక షరతు చెబుతుంది. శ్లేషకావ్యంలో ఒకే పద్యం రెండు కథలను చెప్పినప్పుడు ఏ కథకు ఏ పదవిభాగం చేయాలో వ్యాఖ్యాత తెలపవలసి ఉంటుంది. ఇక్కడ ఆ వ్యాఖ్యాత ప్రోగ్రాము. పొర నిర్మాత ఆ షరతును కనుగొని మ్యాపింగ్‌లో చేర్చకపోతే, వాహన సంఖ్యలు నామినీ పేర్లుగా దర్శనమిస్తాయి.

4.3 రెండంకెల సంవత్సరం: స్థలం ఆదా కోసం పాత రికార్డులలో సంవత్సరాన్ని రెండంకెలలో రాశారు. 2000 సంవత్సరం సమీపించినప్పుడు దీనికి ప్రధానంగా రెండు పరిష్కారాలు అమలయ్యాయి. ఒకటి, దత్తాంశాన్నే నాలుగంకెలకు విస్తరించడం. రెండవది ‘విండోయింగ్’, అంటే దత్తాంశాన్ని మార్చకుండా చదివే పద్ధతిని మార్చడం. 00 నుండి 49 వరకు ఉన్నవాటిని 2000ల సంవత్సరాలుగా, 50 నుండి 99 వరకు ఉన్నవాటిని 1900ల సంవత్సరాలుగా గ్రహించడం ఇందుకు ఉదాహరణ. ఈ పనిలో తెలుగు యువతకు గణనీయమైన పాత్ర ఉంది. హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో కాబోల్ నేర్చుకుని విదేశాలలో ఈ పాత ప్రోగ్రాములను సరిదిద్దినవారు ఎందరో ఉన్నారు. విండోయింగ్ స్వయంగా ఒక వర్చువల్ పొర అని చెప్పవచ్చు. దాని పరిమితి కూడా బోధకమే. పాలసీ ముగింపు సంవత్సరానికి సరిపోయే హద్దు పుట్టిన సంవత్సరానికి సరిపోదు. 1948లో పుట్టిన వ్యక్తి పై నియమం ప్రకారం 2048లో పుట్టినట్లవుతాడు. అందువల్ల వేర్వేరు ప్రోగ్రాములు వేర్వేరు హద్దులను పాటించాయి. వాటన్నింటిపై ఒకే పొరను కప్పినప్పుడు ఏ హద్దును స్వీకరించాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు, అర్థనిర్ణయ ప్రశ్న.

4.4 క్రమం: ఐ.ఎం.ఎస్. డేటాబేసును ఐ.బి.ఎం. సంస్థ 1960ల ద్వితీయార్ధంలో అపోలో అంతరిక్ష కార్యక్రమపు విడిభాగాల జాబితాలను నిర్వహించడానికి రూపొందించింది. ఒక యంత్రం కింద దాని భాగాలు, వాటి కింద ఉపభాగాలు అమరే శ్రేణీక్రమం దాని స్వరూపం. ఒకే తల్లి అంశం కింద ఉన్న పిల్ల అంశాలకు వరుస ఉంటుంది. చివర చేర్చినది ముందు కనిపించేలా కొన్నిచోట్ల, చేర్చిన వరుసలోనే కనిపించేలా మరికొన్నిచోట్ల నియమిస్తారు. ప్రోగ్రాము మొదటి అంశాన్ని చదివి అదే తాజా చిరునామా అని గ్రహించవచ్చు. రిలేషనల్ పట్టికలో వరుసకు అర్థం లేదు. శ్రేణిని పట్టికగా పరచినప్పుడు నాలుగు చిరునామాలూ సమాన ప్రతిపత్తితో కనిపిస్తాయి. ఏ బైటూ పోలేదు. ఏది ప్రస్తుత చిరునామా అన్న జ్ఞానం మాత్రం పోయింది.

అక్షర సంకేతాల భేదం కూడా ఈ కోవలోనిదే. మెయిన్‌ఫ్రేములు వాడే ఎబ్‌సిడిక్ పద్ధతిలో ఆంగ్ల అక్షరం ‘ఎ’ సంకేతం 193, అంకె సున్న సంకేతం 240. ఆస్కీ పద్ధతిలో ఇవి వరుసగా 65, 48. అంటే మొదటి పద్ధతిలో అక్షరాల తరువాత అంకెలు, రెండవ పద్ధతిలో అంకెల తరువాత అక్షరాలు వస్తాయి. అక్షరాలు, అంకెలు కలగలిసిన పాలసీ సంఖ్యలను ‘ఇక్కడినుండి ఇక్కడివరకు’ అని అడిగినప్పుడు రెండు పద్ధతులలో రెండు సమాధానాలు వచ్చే అవకాశం ఉంది.

ఈ ఉదాహరణలన్నింటిలోనూ సమాన లక్షణం ఒకటుంది. పొర చేసే తప్పు తప్పుగా కనిపించదు. యంత్రం ఆగిపోదు, హెచ్చరిక రాదు. సక్రమమైన పట్టికలో సక్రమంగా కనిపించే విలువ వస్తుంది. దాని ఆధారంగా ఒకరి పింఛను నిర్ణయమవుతుంది, మరొకరి క్లెయిము తిరస్కృతమవుతుంది. ఆ నిర్ణయం తీసుకునే వ్యక్తికి మూలాన్ని చూసే మార్గం ఉండదు.

5. రాయడం: వ్యాఖ్యానం నుండి ప్రక్షిప్తానికి

ఇంతవరకు చర్చించినది చదవడం గురించి. పొర ద్వారా మూలంలోకి రాయడం ఇంతకంటే తీవ్రమైన విషయం. పాత ప్రోగ్రాము ఒక ఖాతాలోని నిల్వను మార్చేటప్పుడు ఆ ఒక్క విలువను మార్చి ఊరుకోదు. పరిమితులను పరీక్షిస్తుంది, అనుబంధ రికార్డులను సవరిస్తుంది, ఏం జరిగిందో నమోదు చేస్తుంది. ఈ నియమాలు దత్తాంశంలో కాక ప్రోగ్రాములో ఉంటాయి. పొర నేరుగా ఫైలులోకి రాసినప్పుడు ఈ పరీక్షలన్నింటినీ దాటి వెళ్తుంది. ఫలితంగా వ్యవస్థ ఎన్నడూ అనుమతించని స్థితిలో ఒక రికార్డు ఏర్పడుతుంది.

గ్రంథపరిష్కర్తలకు ఈ స్థితి సుపరిచితం. వ్యాఖ్యాత తన మాటను మూలం పక్కన రాసినంతవరకు అది వ్యాఖ్యానం. లేఖకుని చేతిలో అది మూలంలో కలిసిపోతే ప్రక్షిప్తం. తరువాతివారికి ఏది కవిదో, ఏది చేర్పో తెలియదు. ఈ కారణంగా, మార్పులు చేయవలసి వచ్చినప్పుడు పొర నేరుగా ఫైలును తాకకుండా, సి.ఐ.సి.ఎస్. వంటి నిర్వాహక వ్యవస్థలో నడుస్తున్న పాత లావాదేవీ ప్రోగ్రామునే పిలిచి దాని చేత రాయించడం ఉత్తమం. అప్పుడు మార్పును కోరినది కొత్త అప్లికేషనే అయినా, మార్పు చేసే అధికారం పాత నియమాలదే అవుతుంది.

6. వీడర్‌హోల్డ్ ‘మధ్యవర్తి’: మరచిపోయిన షరతు

భిన్న మూలాల అనుసంధానాన్ని గురించి కాడ్ తరువాత వచ్చిన ఆలోచనలలో జియో వీడర్‌హోల్డ్ 1992లో ప్రతిపాదించిన ‘మధ్యవర్తి’ భావన ప్రధానమైనది. అప్లికేషన్లకూ, దత్తాంశ మూలాలకూ మధ్య ఒక అంచె ఉండాలనీ, మూలాలను గురించిన విజ్ఞానాన్ని అది ఇముడ్చుకోవాలనీ ఆయన సూచించారు. ఆయన విధించిన ఒక షరతు నేటి చర్చలలో అంతగా వినిపించదు. మధ్యవర్తి చిన్నదిగా, సరళంగా ఉండాలి. ఒక నిపుణుడు, లేదా ఏకాభిప్రాయం గల చిన్న నిపుణుల బృందం దానిని సంరక్షించగలగాలి.

ఈ షరతు అలంకారప్రాయమైనది కాదు. మధ్యవర్తి చేసేది అర్థనిర్ణయం కనుక, ఆ నిర్ణయానికి బాధ్యత వహించే మనిషి ఉండాలన్నది దాని అంతరార్థం. కాడ్ అమరికను దాచమన్నారు. వీడర్‌హోల్డ్ విజ్ఞానాన్ని ఉంచమన్నారు. నేటి ఆచరణ మొదటి మాటను స్వీకరించి రెండవదానిని విస్మరించింది. సంస్థ మొత్తానికి ఒకే బృహత్ పొర, అందులో యంత్రం తానుగా రూపొందించిన వందలాది పట్టికలు, వాటిలో దేనికీ పేరున్న బాధ్యుడు లేకపోవడం, ఇదీ ఈ విస్మృతి ఫలితం. కాబోల్ తెలిసినవారి కొరతను అధిగమించడానికి పొర ఏర్పడిందని చెబుతారు. వాస్తవానికి పొరను సరిగా నిర్మించడానికే వారి అవసరం అత్యధికం. వారు పదవీ విరమణ చేసిన తరువాత కాక, వారుండగానే పొర రూపొందాలి.

7. వ్యాఖ్యాన సంప్రదాయం ఇచ్చే కొలమానాలు

పొరను వ్యాఖ్యానంగా గుర్తించడం కేవలం ఒక పోలికను చెప్పడం కాదు. వ్యాఖ్యానాలను మంచి చెడ్డలుగా వేరు చేయడానికి శతాబ్దాలుగా ఏర్పడిన ప్రమాణాలు ఉన్నాయి. కాళిదాసు కావ్యాలకు సంజీవనీ వ్యాఖ్య రచించిన కోలాచల మల్లినాథసూరి తన నియమాన్ని స్పష్టంగా ప్రకటించారు: మూలంలో ఆధారం లేనిది రాయరాదు, అవసరం లేనిది చెప్పరాదు. మెతుకుసీమకు చెందిన ఈ విద్వాంసుని నియమం వర్చువల్ పొరకు కూడా చక్కగా వర్తిస్తుంది. పొర చూపే ప్రతి గడికీ మూలంలోని బైట్లనే కాక, వాటిని ఆ విధంగా చదవడానికి ఆధారమైన ప్రోగ్రాము భాగాన్నీ చూపగలగాలి. ఎవరికీ అవసరం లేని పట్టికలను యంత్రం చేయగలిగినందువల్ల మాత్రమే చేయరాదు.

రెండవ కొలమానం, మూలం, వ్యాఖ్య వేరువేరుగా కనిపించడం. సవ్యాఖ్యాన గ్రంథంలో పాఠకుడు శ్లోకాన్ని చదివి, వ్యాఖ్యాతతో విభేదించవచ్చు. పొరలో కూడా అనువదించిన విలువ పక్కన, కోరినప్పుడు మూల విలువ కనిపించే ఏర్పాటు ఉండాలి. ముగింపు తేదీ స్థానంలో మూలంలో ‘999999’ ఉందనుకుంటే, ‘ఇంకా ముగియలేదు’ అన్నది దాని ఉద్దేశం కావచ్చు. పొర దానిని ‘తెలియదు’ అనే శూన్యంగా మార్చి చూపితే రెండు భిన్నార్థాలు ఒకటవుతాయి. మూల విలువ అందుబాటులో ఉన్నప్పుడే ఈ పొరపాటును పట్టుకోగలం.

మూడవ కొలమానం పాఠాంతరాలను నమోదు చేయడం. సి.పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులను సేకరించి, పండితుల చేత పోల్పించి, శుద్ధప్రతులను సిద్ధం చేయించారు. ప్రతులు విభేదించినప్పుడు ఒకదానిని గ్రహించి తక్కినవాటిని నమోదు చేయడం ఆధునిక పరిష్కరణ మర్యాద. రెండు ప్రోగ్రాములు ఒకే అంశాన్ని రెండు విధాలుగా చదువుతున్నప్పుడు పొర ఏ పాఠాన్ని ఎందుకు గ్రహించిందో, దేనిని విడిచిందో రాసి ఉంచాలి.

నాలుగవది ముద్రణ వివరం. మ్యాపింగ్‌ను నేడు సవరిస్తే, నిన్న అడిగిన ప్రశ్నకు నేడు వేరొక సమాధానం వస్తుంది. మూలం మారలేదు కనుక తేడా ఎందుకు వచ్చిందో ఎవరికీ అంతుబట్టదు. గ్రంథాన్ని ఉదాహరించేవారు ఏ ముద్రణో చెప్పినట్లే, పొర నుండి తీసిన ప్రతి నివేదికా అది ఏ మ్యాపింగ్ సంపుటి ఆధారంగా వచ్చిందో చెప్పాలి. పాత సంపుటాలను భద్రపరచాలి.

8. తెలుగు వాఙ్మయ సందర్భం

ఈ చర్చ తెలుగు పరిశోధకులకు దూరమైనది కాదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన సిద్ధాంత గ్రంథాలు విశ్వవిద్యాలయాలలో విస్తారంగా ఉన్నాయి. ఆ ఫైళ్ళలో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, అక్షర ఖండాల సంకేతాలు. వాటికి అర్థం ఫాంటులో ఉంది. ఫాంటు లేకపోతే ఆ ఫైలు, కాపీబుక్ లేని మెయిన్‌ఫ్రేమ్ రికార్డు ఒక్కటే. వార్తాపత్రికల జాలస్థలాలు సొంత ఫాంట్లను వాడిన కాలంలో ‘పద్మ’ అనే బ్రౌజర్ పొడిగింత ఆ పుటలను మార్చకుండానే పాఠకునికి యూనికోడ్‌లో చూపేది. అది తెలుగువారు ప్రత్యక్షంగా అనుభవించిన వర్చువల్ పొర. ఒక్కొక్క పత్రిక ఫాంటుకు ఒక్కొక్క సంకేత పట్టికను మనుషులు శ్రమించి తయారుచేస్తేనే అది పనిచేసిందన్న విషయం గమనార్హం.

నిఘంటు శోధన ఇంకా సన్నిహితమైన ఉదాహరణ. ‘ఆంధ్రభారతి’ వంటి జాలస్థలాలు అనేక నిఘంటువులను ఒకే శోధన కింద అందించి పరిశోధకులకు ఎనలేని మేలు చేశాయి. బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరము’ (1885) ప్రధానంగా కావ్యభాషను దృష్టిలో ఉంచుకున్నది. బ్రౌన్ నిఘంటువు వ్యవహారంలోని మాటలకూ చోటిచ్చింది. ఒక పదం మొదటిదానిలో లేకపోవడం, రెండవదానిలో లేకపోవడం ఒకే అర్థాన్నివ్వవు. మొదటిది పదపు సాహిత్య ప్రతిపత్తిని గురించిన సూచన కావచ్చు, రెండవది కేవలం సేకరణలోని వెలితి కావచ్చు. శోధన ఫలితంలో రెండూ ఒకే ఖాళీగా కనిపిస్తాయి.

వర్ణక్రమం విషయంలోనూ ఇదే పరిస్థితి. నేటి పాఠకుడు అరసున్న, బండిరా లేకుండా వెదకుతాడు. అతనికి ఫలితం చూపాలంటే ఏ శోధన పొరైనా ఆ భేదాలను ఉపేక్షించవలసి ఉంటుంది. అప్పుడు సంవత్సరమనే అర్థం గల ‘ఏఁడు’, సంఖ్యావాచకమైన ‘ఏడు’ ఒకే గూటిలో చేరుతాయి. వెళ్ళడమనే అర్థం గల ‘అరుగు’, జీర్ణమవడమనే అర్థం గల ‘అఱుగు’ కలిసిపోతాయి. శోధన కోసం ఈ ఉపేక్ష అవసరమే. దొరికిన పదాన్ని మూల నిఘంటువులోని వర్ణక్రమంతో, నిఘంటువు పేరుతో సహా చూపినప్పుడు పాఠకుడు భేదాన్ని తిరిగి గ్రహించగలుగుతాడు. అలా చూపకుండా, పద గణాంకాలను మాత్రమే తీసి చారిత్రక భాషాశాస్త్ర నిర్ణయాలు చేస్తే, పరిశోధకుడు పరిశీలిస్తున్నది తెలుగు భాషను కాదు, పొర నిర్మాత చేసిన ఎంపికలను.

9. పూర్వపక్షాలు

ఈ వాదనపై రెండు ఆక్షేపణలు రావచ్చు. దత్తాంశాన్ని ప్రతి తీసుకునే రెండవ మార్గంలో కూడా ఇదే అర్థనిర్ణయం జరుగుతుంది కదా, పొరను మాత్రమే ఎందుకు విమర్శించాలన్నది మొదటిది. ఇది సత్యమే. అయితే ప్రతి తీసుకునేటప్పుడు ‘మార్పు చేస్తున్నాము’ అన్న స్పృహ ఉంటుంది. పాతది, కొత్తది పక్కపక్కన ఉంటాయి, సరిపోల్చే దశ ఒకటి ఉంటుంది. పొర విషయంలో ‘మూలాన్నే చూస్తున్నాము’ అన్న నమ్మకం ఆ సరిపోల్చే దశనే అనవసరంగా తోపిస్తుంది. ప్రమాదం పొరలో కన్నా ఆ నమ్మకంలో ఎక్కువగా ఉంది.

ఇన్ని నియమాలు విధిస్తే పొరకు గల ప్రధాన ప్రయోజనమైన వేగం నశిస్తుందన్నది రెండవ ఆక్షేపణ. పొర వేగంగా ఏర్పడుతుందన్నది యంత్రం తానుగా రూపొందించే మ్యాపింగ్ విషయంలోనే నిజం. అర్థం తెలుసుకునే పనిని వాయిదా వేయడం వల్ల కలిగిన వేగం అది. ఆ పని తరువాత తప్పుడు చెల్లింపులు, ఫిర్యాదులు, దర్యాప్తుల రూపంలో తిరిగి వస్తుంది. వాడుకలో నిజంగా అవసరమైన కొద్ది పట్టికలతో ప్రారంభించి, ఒక్కొక్కదానిని నిపుణులచేత పరీక్షింపజేస్తే వేగానికీ, విశ్వసనీయతకూ వైరుధ్యం ఉండదు.

10. ముగింపు

1. వర్చువల్ డేటాబేస్ పొర పాత మెయిన్‌ఫ్రేమ్ వ్యవస్థలను కూల్చకుండా కొత్త అవసరాలకు అందించే ఉపయుక్త సాధనం. దాని ఉపయోగాన్ని ఈ పరిశీలన నిరాకరించదు.

2. పాత దత్తాంశపు అర్థం దత్తాంశంలో, కాపీబుక్‌లో, ప్రోగ్రాములో, వాటిని నడిపిన మనుషుల జ్ఞాపకంలో విస్తరించి ఉంది. దత్తాంశాన్ని, కాపీబుక్‌ను మాత్రమే చదివే పొర ఆ అర్థాన్ని అసంపూర్ణంగా గ్రహిస్తుంది.

3. కాడ్ సూచించిన దత్తాంశ స్వాతంత్ర్యం అమరికను దాచడానికి ఉద్దేశించినది. అమరికే అర్థంగా ఉన్న పాత వ్యవస్థలకు దానిని అన్వయించేటప్పుడు వీడర్‌హోల్డ్ చెప్పిన నిపుణ సంరక్షణ తప్పనిసరి.

4. ఆధారం చూపడం, మూలాన్ని వేరుగా నిలపడం, పాఠాంతరాలను నమోదు చేయడం, ముద్రణ వివరం తెలపడం అనే నాలుగు కొలమానాలు వ్యాఖ్యాన, పరిష్కరణ సంప్రదాయాల నుండి పొరకు అన్వయిస్తాయి.

5. పొర ద్వారా చదవడం వ్యాఖ్యానం. పాత నియమాలను దాటి పొర ద్వారా రాయడం ప్రక్షిప్తం. రెండవదానిని నివారించాలి.

6. తెలుగు సిద్ధాంత గ్రంథాలను, నిఘంటువులను, తాళపత్ర సూచికలను ఒకే శోధన కిందికి తెచ్చే ప్రయత్నాలు మున్ముందు పెరుగుతాయి. ఆ పనిని సాంకేతిక నిపుణులకు మాత్రమే అప్పగించి ఫలితాలను వాడుకోవడంతో తెలుగు శాఖల బాధ్యత తీరదు. అరసున్నను ఎక్కడ ఉపేక్షించవచ్చో, ఎక్కడ ఉపేక్షించరాదో చెప్పగలిగినవారు ఆ శాఖలలోనే ఉన్నారు. మెయిన్‌ఫ్రేముల విషయంలో తెలిసినవారిని అడగడంలో జరిగిన ఆలస్యం తెలుగు వాఙ్మయం విషయంలో పునరావృతం కారాదు.